కొండ దారి ఎవరిది?

మన పత్రికకు ఈసారి సైకిలు పందెం గురించి రాస్తానంటే ఒక మిత్రురాలు నవ్వేసింది. "నారాయణఖేడ్‌లో ఆడపిల్లలు ఎనిమిదో తరగతితో బడి మానేసి పెళ్లిపీటలు ఎక్కుతుంటే నువ్వు ఫ్రాన్సులో కొండల మీద పోటీల సంగతి రాస్తావా? ఎవరు చదవాలి?" అంది. ఆమె కోపం నాకు అర్థమవుతుంది. పదిహేనేళ్లుగా ఆమెతో కలిసి ఆ ఊళ్లు తిరిగినదాన్నే. అయినా ఆ ప్రశ్నలోనే ఒక తప్పు ఉందని నా వాదన. ఆట, వేగం, కొండెక్కటం కడుపు నిండినవాళ్ల వ్యవహారాలనీ, పేద స్త్రీల గురించి మాట్లాడేటప్పుడు కష్టాలు మాత్రమే మాట్లాడాలనీ మనకు మనమే ఎప్పుడో తీర్మానం చేసేసుకున్నాం. ఆడదానికి కాళ్లున్నది నీళ్లు మొయ్యటానికే అని ఊరి పెద్దమనిషి అన్నదానికీ దీనికీ తేడా ఎంత?

నారాయణఖేడ్ సంగతే ముందు చెప్తాను. 1956 దాకా బీదరు జిల్లాలో ఉండి, తర్వాత మెదక్‌లో కలిసి, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్న ప్రాంతం ఇది. తెలుగు, కన్నడం, మరాఠీ, తండాల్లో లంబాడీ, అన్నీ వినిపిస్తాయి. చెరకు నరకటానికి కుటుంబాలకు కుటుంబాలే వలసపోతాయి. నేను ఎక్కువగా తిరిగిన ఒక ఊళ్లో బడి ఏడో తరగతి దాకే. హైస్కూలు ఆరు కిలోమీటర్ల దూరంలో. మగపిల్లలు సైకిళ్ల మీద పోతారు. ఆడపిల్లలు కొందరు నడుస్తారు, ఎక్కువమంది మానేస్తారు. మానేసిన ఒక పిల్ల తల్లిని అడిగితే, "సైకిల్ కొననీకి పైసలు లేక కాదక్కా. దాని అన్నకు కొనలేదా? పిల్ల సైకిల్ మీద పోతుంటే తొవ్వ పొడుగూత మంది చూస్తరు. రేపు ఏమన్న అయితే జవాబు ఎవరు చెప్పాలె?" అంది. ఆ పిల్ల తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట: అన్న సైకిలు తీసుకుని వాగు దగ్గర, నడుమ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కటం నేర్చుకుంది. "అమ్మకు చెప్పకు అక్కా" అంది. దొంగతనం చేసినట్టు చెప్పింది.

ఇప్పుడు ఆ పందెం.

2026 ఆగస్టు 1 నుంచి 9 దాకా మహిళల టూర్ డి ఫ్రాన్స్ అని ప్రకటించారు. స్విట్జర్లాండులోని లొసాన్‌లో మొదలై ఫ్రాన్సు దక్షిణ తీరాన నీస్‌లో ముగుస్తుంది. తొమ్మిది రోజులు, తొమ్మిది దశలు, మొత్తం 1,175 కిలోమీటర్లు. ప్రతి రోజూ పట్టిన సమయాన్ని కలుపుకుంటూ పోతారు. చివరికి అందరికన్నా తక్కువ సమయం తీసుకున్నామె గెలుస్తుంది, ఆమెకు పసుపు చొక్కా. కొండలు ముందుగా ఎక్కినవారికి వేరే చొక్కా, తెల్లటి బట్ట మీద ఎర్ర చుక్కలు. నాలుగో రోజు దిజోన్‌లో 21 కిలోమీటర్లు ఒక్కొక్కరే గడియారంతో పోటీపడాలి. అసలు పరీక్ష ఏడో రోజు, ఆగస్టు 7న. 144 కిలోమీటర్ల ఆ దశ మాం వాంతూ అనే బోడికొండ మీద ముగుస్తుంది. చెట్టూ చేమా లేని తెల్లటి రాళ్ల శిఖరం, 1,900 మీటర్ల పైచిలుకు ఎత్తు. చివరి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దారి, వంద మీటర్లు ముందుకు పోతే దాదాపు తొమ్మిది మీటర్లు పైకి లేచే ఎక్కుడు. 1967లో టామ్ సింప్సన్ అనే ఇంగ్లండు పోటీదారు ఈ కొండ మీదే పడి చనిపోయాడు. మహిళల టూరు ఈ రూపంలో ఇక్కడికి రావటం ఇదే మొదటిసారి. దాని మర్నాడు విశ్రాంతి ఏమీ లేదు, సిస్తెరోన్ నుంచి నీస్‌కు 175 కిలోమీటర్లు. ఆఖరి రోజు నీస్ చుట్టూ ఎజ్ కనుమను పదేపదే ఎక్కాలి. నన్నడిగితే పందెం వాంతూ మీద తేలదు. వాంతూ ఎక్కిన కాళ్లతో ఆ 175 కిలోమీటర్లు ఎవరు లాగగలరన్నదే తేలుస్తుంది.

అదే ఏడాది పురుషులకు 21 దశలు, 3,333 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు మొత్తం పురుషులకు 54 వేల మీటర్లకు పైన, స్త్రీలకు 18,700 పైన. కిలోమీటరుకు లెక్కకట్టి చూశాను. ఇద్దరికీ దాదాపు 16 మీటర్లే వచ్చింది! అంటే దారి నిటారుతనంలో తేడా లేదు. తేడా ఉన్నదల్లా ఎన్ని రోజులు ఆడనిస్తారు, ఎంత డబ్బిస్తారు అన్న దగ్గరే. 2025లో పురుష విజేతకు 5 లక్షల యూరోలు, స్త్రీకి 50 వేలు. సరిగ్గా పదో వంతు. రోజులు సగం కన్నా తక్కువ కాబట్టి డబ్బు తక్కువంటారు. రోజులు తగ్గించింది ఎవరు?

శరీరం తట్టుకోదన్న వాదం దగ్గరికి వద్దాం. స్త్రీల పందేల్లో ఒక రోజు దూరానికి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 160 కిలోమీటర్ల పరిమితి పెట్టింది. 2022లో 175 కిలోమీటర్ల దశ ఒకటి పెట్టటానికి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. ఆ ఏడాది గెలిచిన డచ్చి స్త్రీ అన్నెమీక్ వాన్ ఫ్లూటెన్‌కు అప్పుడు 39 ఏళ్లు. మొదటి రోజుల్లో కడుపు జబ్బుతో పోటీ మానేసే పరిస్థితిలో ఉండి, ఏడో రోజు కొండల్లో ఒంటరిగా అందరినీ వదిలి వెళ్లిపోయింది. వందేళ్ల కింద, 1924లో, ఇటలీ పురుషుల పందెంలోకి ఒక రైతుకూలీల బిడ్డ, అల్ఫొన్సీనా స్ట్రాడా, దిగింది. ఆమె పేరు చివరి అక్షరం ఎగిరిపోయి మగపేరులా నమోదైందంటారు. గాలివానలో పడి హ్యాండిల్ విరిగితే చీపురుకర్ర ముక్కతో కట్టుకుని తొక్కింది. గడువు దాటి చేరింది కాబట్టి లెక్కలోంచి తీసేశారు, అయినా తొక్కటం ఆపలేదు. 90 మంది బయలుదేరిన పందెంలో లెక్కలోకి వచ్చి ముగించిన మగవాళ్లు 30 మంది. ఆమె కూడా మిలాను చేరింది. తర్వాతి ఏడు ఆమెను రానివ్వలేదు! ఓడిపోయినందుకు కాదు, ముగించినందుకు.

ఫ్రాన్సు కథ కూడా ఇంతే. 1955లో ఒకసారి పెట్టి వదిలేశారు. 1984లో మళ్లీ మొదలుపెట్టారు, పురుషులు తొక్కే రోజే వాళ్లకంటే ముందు స్త్రీలు. అప్పుడు గెలిచిన అమెరికన్ మారియాన్ మార్టిన్‌కు దక్కింది వెయ్యి డాలర్లంత. 1989తో అదీ ఆగింది. తర్వాత వేరే పేర్లతో, వేరే నిర్వాహకులతో కుంటుతూ నడిచిన పందేలు 2009తో ఆగిపోయాయి. 2013లో కాథరిన్ బెర్టైన్, మరియానె వోస్, ఎమ్మా పూలీ, క్రిస్సీ వెల్లింగ్టన్ అనే నలుగురు క్రీడాకారిణులు ఒక మహజరు రాసి దాదాపు 97 వేల సంతకాలు సేకరించారు. దానితో 2014లో ఒక్క రోజు పందెం ఇచ్చారు. ఎనిమిది రోజుల పందెం కావటానికి 2022 దాకా పట్టింది. సంతకాల కాగితాలు పట్టుకుని కలెక్టరేటు మెట్ల మీద కూర్చునే మన కార్యకర్తలకు ఈ వరుస బాగా తెలిసిందే. పెద్ద జట్లలోని స్త్రీలకు కనీస జీతం, ప్రసూతి రక్షణ కూడా 2020లో గాని రాలేదు.

ఈ పందెంలో నన్ను అన్నిటికన్నా ఆకర్షించింది ఒక మాట. జట్టులో నాయకురాలి కోసం పనిచేసేవాళ్లను ఫ్రెంచిలో 'దొమెస్తిక్' అంటారు. ఇంటి పనిమనిషి అని అర్థం. పొరపాటున వచ్చిన పోలిక కాదు, అచ్చంగా ఆ మాటే. వాళ్ల పని గాలికి ఎదురు నిలవటం, వెనక్కి వెళ్లి నీళ్ల సీసాలు తేవటం, నాయకురాలి చక్రం చెడితే తమది విప్పి ఇవ్వటం. ముందున్నవాళ్ల చాటున పోయేవారికి శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుందంటారు. ఆ మిగిలిన శక్తితో నాయకురాలు చివరి కొండ ఎక్కుతుంది. గెలిచాక పసుపు చొక్కా ఒక్కరికే. స్త్రీల ఇంటి చాకిరీకి లెక్క కట్టాలని మనం ఎన్ని వ్యాసాలు రాయలేదు? ఇక్కడ ఆ చాకిరీ రోడ్డు మీద అందరి కళ్ల ముందు జరుగుతుంది. అది లేకపోతే ఏమవుతుందో సెకన్లలో తేలిపోతుంది. 2024లో డెమి ఫొల్లెరింగ్ పసుపు చొక్కాతో ఉండగా ఒక దశ చివర్లో పడిపోయి దాదాపు రెండు నిమిషాలు పోగొట్టుకుంది. ఆ రోజు దశ గెలిచింది ఆమె జట్టు అమ్మాయే. చివరికి ఆల్ప్ దుయెజ్ కొండ మీద టూరు మొత్తాన్ని ఫొల్లెరింగ్ ఓడిపోయింది 4 సెకన్లతో. గెలిచింది పోలండుకు చెందిన కాసియా నీవియాదొమా.

దీన్నంతా విముక్తిగా చూపించటం నా ఉద్దేశం కాదు. కొండల పందెంలో బరువు తక్కువగా ఉండటం లాభం కాబట్టి పోటీదారుల ఒళ్లు ఎండిపోతోంది. 2025లో గెలిచిన ఫ్రెంచి స్త్రీ పొలీన్ ఫెరాన్-ప్రెవో పందెం కోసం నాలుగు కిలోలు తగ్గానని చెప్పటం మీద చర్చ రేగింది. ఆడదాని కంచంలో ఎంత ఉండాలో నిర్ణయించే హక్కు ఇక్కడ అత్తగారి నుంచి శిక్షకుడి చేతికి మారిందంతే.

మన దేశం సంగతి. 2026 జనవరి 19 నుంచి 23 దాకా పుణె జిల్లాలో, సహ్యాద్రి ఘాట్లలో, అంతర్జాతీయ సమాఖ్య గుర్తింపుతో బహుళ దశల రోడ్డు పందెం జరిగింది. 437 కిలోమీటర్లు. జిల్లా యంత్రాంగం నడుం కట్టి రోడ్లు బాగుచేయించింది. చాలా సంతోషం. కాని అది పురుషుల పందెం. ప్రజల డబ్బుతో వేసిన ఘాటు రోడ్డు మీద, పోలీసు బందోబస్తు మధ్య, స్త్రీలకు ఒక్క దశ కూడా ఎందుకు లేదని ఏ మహిళా సంఘమూ అడిగినట్టు నా చెవిన పడలేదు. మనమూ అడగలేదు. బహుశా అది మన పని కాదనుకున్నాం.

అడగవలసింది ఇంకా ఉంది. 2022 జూన్‌లో స్లొవేనియాలో శిక్షణ శిబిరానికి వెళ్లిన భారత సైక్లిస్టు ఒకరు జాతీయ శిక్షకుడి మీద లైంగిక వేధింపు ఫిర్యాదు చేసింది. జట్టును వెనక్కి పిలిపించారు, అతని కాంట్రాక్టు రద్దయింది. ఆ మరుసటి ఏడాది మల్లయోధురాళ్లు ఢిల్లీ పేవ్‌మెంట్ మీద పడుకోవలసి వచ్చింది. పని స్థలంలో వేధింపుల చట్టం 2013 నాటిది. దాని ప్రకారం సరైన ఫిర్యాదుల కమిటీలు లేవని 2023లో జాతీయ మానవ హక్కుల సంఘం పలు క్రీడా సమాఖ్యలకు నోటీసులు ఇచ్చింది. నారాయణఖేడ్ తల్లి భయం అజ్ఞానమని కొట్టిపారేసే హక్కు మనకు లేదు. తొవ్వలో చూసేవాడు ఊరి దగ్గరా ఉన్నాడు, స్లొవేనియాలోనూ ఉన్నాడు. అయితే ఆ భయానికి మందుగా మనం ఏం ఇస్తున్నాం? ప్రహరీగోడ ఉన్న హాస్టలు, ఆటోలో పంపించటం, చీకటి పడేలోగా ఇల్లు. అన్నీ అవసరమే. కాని ప్రతి ఒక్కటీ ఆమె దారిని కత్తిరించేదే, ఒక్కటీ ఆమె దారిని పొడిగించేది కాదు.

పొడిగించిన అనుభవాలు లేకపోలేదు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు సైకిలు నేర్పింది. 1992 మార్చి 8న పదిహేను వందల పైచిలుకు స్త్రీలు సైకిళ్ల మీద పట్టణమంతా తిరిగారు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్క మగవాళ్ల సైకిళ్లు కొనుక్కున్నారు. సుమారుగా ఆ కాలంలోనే మన నెల్లూరు స్త్రీలు చదువు నేర్చుకుంటూ సారా దుకాణాల మీద పడ్డారు. వాళ్లకు అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పి ఉంటే ఏమయ్యేదో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. బీహారు 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు డబ్బు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనంలో హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగినట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 'బడికొస్తా' పేరుతో సైకిళ్లు పంచారు. అయితే ఎక్కువగా తొమ్మిదో తరగతి దగ్గరే ఎందుకు? మా ఊళ్లో పిల్లలు ఏడుతోనే ఆగిపోతారు. తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాళ్లలో చాలామందికి ఆ సైకిలు అందే తరగతే రాదు. ఒక కార్యాలయంలో ఈ మాట ఎత్తితే అక్కడి అధికారి, "ఆరో తరగతి పిల్లకు సైకిలిస్తే నాన్న అమ్ముకుంటాడు మేడం" అన్నాడు. పిల్లవాడికి ఇచ్చినా అమ్ముకుంటాడు కదా సార్ అంటే ఫైలు మూశాడు.

మనం అడగవలసింది ఆరో తరగతి నుంచి సైకిలు. దానితో పాటు రోడ్డు అంచున నడిచే, తొక్కే జాగా. హైవే వెడల్పు చేసినప్పుడల్లా ముందు పోయేది అదే. ఏ రాష్ట్రం ప్రజాధనంతో పందెం పెట్టినా అదే దారిలో స్త్రీలకూ పందెం, అంతే బహుమతి. ప్రతి క్రీడా సమాఖ్యలో, జిల్లా సంఘం దాకా, బయటి సభ్యురాలు ఉన్న ఫిర్యాదుల కమిటీ. అన్నిటికన్నా ముందు, మన సంఘాల్లో పెద్దవయసు స్త్రీలు కూడా సైకిలు నేర్చుకోవాలి. నాతో సహా.

వాంతూ దశ ముగిసేసరికి మనకు రాత్రి అవుతుంది. ఆ వేళకు నారాయణఖేడ్‌లో ఆడపిల్లల్ని ఒక చోట కూర్చోబెట్టటం కుదరదు. అందుకే మర్నాడు, రెండో శనివారం, పగలు మండల కేంద్రంలో మహిళా సంఘం గదిలో తెర కట్టి ఆ చివరి పదిహేను కిలోమీటర్లు చూపించాలని అనుకున్నాం. నవ్విన మిత్రురాలే ప్రొజెక్టరు తెస్తానంది. ఆ పిల్లను పంపమని తల్లిని అడిగాను. పంపుతానని అనలేదు, పంపనని అనలేదు. "ఎంతసేపు పడ్తది? చీకటి పడకముందు ఇల్లు చేరుతదా?" అని మాత్రం అడిగింది. చేరుతుందన్నాను. ఎట్లా వస్తుందని అడిగితే తల్లి ఏమీ మాట్లాడలేదు. పిల్ల గోడకు ఆనించిన అన్న సైకిలు వైపు చూసింది.