సూరత్ ప్లేగుకు విరుగుడు మట్టిలోనే!
గిట్టుబాటు కాక మందగించిన మందుల అన్వేషణ

సూరత్: గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని 1994 సెప్టెంబరులో న్యుమోనిక్ ప్లేగు గడగడలాడించినపుడు అక్కడి ప్రజలను ఆదుకున్నది కొత్తగా కనుగొన్న మందేమీ కాదు. అంతకు దాదాపు అర్ధ శతాబ్దం క్రితం మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి వెలికితీసిన యాంటీబయాటిక్ మందులే ఆ వ్యాధిని అదుపు చేశాయి. అటువంటి మందు మరొకటి వెలువడే అవకాశం ఆనాటికంటే నేడు సన్నగిల్లింది. మట్టిలోనూ, మొక్కలలోనూ ఔషధ గుణంగల పదార్థాలు అడుగంటిపోయినందువల్ల కాదు. వాటిని వెదకడం కంపెనీలకు గిట్టుబాటు కాకపోవడమే ఇందుకు ప్రధాన కారణం.

ఆ సెప్టెంబరులో తపతి నది వరద తీసిన కొద్దిరోజులకే సూరత్‌లో మరణాలు మొదలయ్యాయి. వార్త పొక్కడంతో రెండు మూడు రోజులలోనే లక్షలాది మంది రైళ్లు, బస్సులు పట్టుకుని నగరం విడిచి పారిపోయారు. మరమగ్గాల మీద, వజ్రాల సాన మీద బతికే వలస కార్మికుల నగరమది. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలి నేత కుటుంబాలు సైతం అక్కడ గణనీయంగా ఉన్నాయి. ప్రైవేటు వైద్యులలో చాలామంది ఆస్పత్రులకు తాళాలు వేసి వెళ్లిపోగా, మందుల దుకాణాలలో టెట్రాసైక్లిన్ నిల్వలు చూస్తుండగానే నిండుకున్నాయి. మృతులు యాభైకి పైగా ఉన్నట్లు తేలింది. పలు దేశాలు భారత్‌కు విమాన సర్వీసులను నిలిపివేశాయి. ఎగుమతులు, పర్యాటక రంగాలకు వాటిల్లిన నష్టం 200 కోట్ల డాలర్ల వరకు ఉండవచ్చని తరువాత అంచనా వేశారు. అసలిది ప్లేగేనా అన్న వివాదం కూడా చెలరేగింది. శ్రీకాకుళంలో జన్మించిన ప్రఖ్యాత వైద్య శాస్త్రజ్ఞుడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి అధ్యక్షతన ఏర్పడిన సాంకేతిక సంఘం ఇది ప్లేగేనని నిర్ధారించింది.

1898 తరువాతి రెండు దశాబ్దాలలో దేశంలో ప్లేగు కోటి మందికి పైగా ప్రజలను బలిగొన్న సంగతి విదితమే. అప్పటికీ ఇప్పటికీ తేడా మందులలోనే ఉంది. ప్లేగు చికిత్సలో వాడుకలోకి వచ్చిన స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ మూడింటికీ మూలం మట్టిలో పెరిగే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులే కావడం గమనార్హం. సాటి సూక్ష్మజీవులతో పోటీపడి బతకడానికి అవి ఉత్పత్తిచేసే పదార్థాలను మానవుడు తన రోగాలకు మందుగా మలచుకున్నాడు.

వీటిలో మూడవదాని కథ తెలుగువారికి మరింత ఆసక్తికరం. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు. ఆ విభాగంలోనే, విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి రిటైరైన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ పలు ప్రాంతాల మట్టిని తెప్పించి పరీక్షించారు. మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన సాన్‌బార్న్ క్షేత్రం నుంచి 1945లో అందిన మట్టిలో బంగారు వన్నెగల ఒక సూక్ష్మజీవి బయటపడింది. దాని నుంచి తీసిన ఆరియోమైసిన్‌ను 1948లో లోకానికి ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అనంతరం ఫైజర్ కంపెనీకి చెందిన లాయిడ్ కానోవర్ ఆ అణువులో స్వల్ప మార్పుచేసి టెట్రాసైక్లిన్‌ను రూపొందించారు.

అయితే మందు కనుగొన్నంత మాత్రాన పేదవాడికి అందదు. ఈ యాంటీబయాటిక్ మందుల ధరలు భారతదేశంలోనే ప్రపంచంలోకెల్లా అధికమని 1950 దశకం చివర విచారణ ప్రారంభించిన అమెరికా సెనేట్ ఉపసంఘం, సెనేటర్ కెఫావర్ అధ్యక్షతన, వెల్లడించింది. సగటు ఆదాయం అత్యల్పంగా ఉన్న దేశంలో మందు ధర అత్యధికమన్నమాట! 1970 నాటి పేటెంట్ల చట్టం మందులపై ఉత్పత్తి పేటెంట్లను రద్దు చేయడం, టెట్రాసైక్లిన్ పేటెంట్ గడువు కూడా తీరిపోవడం, దేశీయ తయారీ పెరగడం వల్ల 1994 నాటికి పరిస్థితి మారిపోయింది. సూరత్‌లో టెట్రాసైక్లిన్ కరువైనది జనం ఎగబడినందువల్లనే తప్ప, కొనలేక కాదు. మందులపై ఉత్పత్తి పేటెంట్లు 2005 నుంచి తిరిగి అమలులోకి వచ్చాయి.

ఇక అన్వేషణ సంగతి. 1940 నుంచి 1960 దశకం వరకు మట్టిని జల్లెడ పట్టిన కంపెనీలకు ఆ తరువాత తెలిసిన పదార్థాలే మళ్లీ మళ్లీ దొరకసాగాయి. అంతకు మించిన చిక్కు లాభాలది. రక్తపోటు మాత్ర జీవితాంతం అమ్ముడవుతుంది. యాంటీబయాటిక్ వారం పది రోజులే. పైగా కొత్త మందును ఆఖరి ఆయుధంగా దాచి ఉంచాలని వైద్యులే చెబుతారు. ప్లాజోమైసిన్ అనే మందుకు 2018లో అమెరికా అనుమతి సాధించిన అకావోజెన్ కంపెనీ 2019లోనే దివాలా తీసింది. నోవార్టిస్ వంటి దిగ్గజాలు ఈ రంగం నుంచి తప్పుకున్నాయి. మరోవైపు సూక్ష్మజీవులు ఊరుకోలేదు. పలు మందులకు లొంగని ప్లేగు సూక్ష్మజీవిని 1995లో మడగాస్కర్‌లో ఒక రోగి నుంచి వేరుచేశారు.

మార్కెట్‌కు పట్టనిచోట ప్రభుత్వం పూనుకుంటే ఫలితం ఉంటుందనడానికి చైనాయే నిదర్శనం. మలేరియా మందు కోసం ఆ ప్రభుత్వం 1967లో రహస్యంగా చేపట్టిన పథకంలో శాస్త్రవేత్త తు యూయూ ఒక మాచిపత్రి జాతి మొక్క నుంచి ఆర్టెమిసినిన్‌ను సాధించారు. ఆమె 2015లో నోబెల్ బహుమతి అందుకోగా, జపాన్ మట్టిలోని సూక్ష్మజీవితో ఐవర్‌మెక్టిన్‌కు బాట వేసిన సతోషి ఒమురా కూడా అదే ఏడాది ఆ బహుమతిని పంచుకున్నారు.

భారత్‌లో సమస్య ఇంకాస్త వెనుకనుంచే మొదలవుతుంది. సోవియట్ సహకారంతో రుషీకేశ్‌లో యాంటీబయాటిక్ కర్మాగారం నెలకొల్పిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్, సూరత్ ప్లేగు నాటికే ఖాయిలా పడింది. చవకైన చైనా సరుకుతో పోటీపడలేక దేశంలో పెన్సిలిన్ తయారీయే మూతపడింది. దిగుమతి అయ్యే బల్క్ డ్రగ్‌లలో దాదాపు మూడింట రెండు వంతులు చైనా నుంచే వస్తున్నాయి. దీనిని సరిదిద్దేందుకు కేంద్రం 2020లో 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఈ పథకం కిందనే అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ కాకినాడ వద్ద నిర్మించిన పెన్సిలిన్-జి కర్మాగారంలో 2024లో ఉత్పత్తి మొదలైంది. ఇదంతా పాత మందుల తయారీకి సంబంధించినది.

కొత్తవాటికి సంబంధించి నిబంధనలలో కొంత కదలిక లేకపోలేదు. మొక్కల నుంచి శుద్ధిచేసిన, కనీసం నాలుగు క్రియాశీల పదార్థాలను నిర్దిష్టంగా గుర్తించిన మందులకు 2015లో ప్రత్యేక వర్గాన్ని ఏర్పరిచారు. అంటే కషాయం పేరు చెబితే చాలదు, అందులో పనిచేసేదేమిటో తేల్చి చూపాలి. అలాగే జీవవైవిధ్య చట్టం, 2002 సూక్ష్మజీవులకూ వర్తిస్తున్నందున, డగ్గర్ తెప్పించుకున్నట్లు ఇక్కడి మట్టిలోని సూక్ష్మజీవులను పరిశోధనకోసం విదేశీ కంపెనీ ఊరికే తీసుకుపోవడానికి నేడు వీలు లేదు. ముందుగా జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి పొందాలి. ఔషధ పరిశోధనకు 2023లో కేంద్రం ఆమోదించిన 5,000 కోట్ల రూపాయల పథకంలో మొక్కల మందులకు, మొండికేసిన సూక్ష్మజీవుల మీద పనిచేసే మందులకు కూడా చోటు దక్కింది. అయితే అదే మొత్తాన్ని వైద్య పరికరాలు మొదలుకొని మరికొన్ని రంగాలతో అవి పంచుకోవలసి ఉంది.