11 గంటలకు తాళం వేస్తే పిల్లలెక్కడికి పోవాలి?

ఉదయం 8 నుంచి 11. సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. శాఖా గ్రంథాలయాల పనివేళలు ఇవి. పల్నాడులో ఒక మండల కేంద్రంలో గ్రేడ్-3 లైబ్రేరియన్‌గా చేసి రిటైరైనదాన్ని కాబట్టి అవి నాకు బాగా ఒంటబట్టాయి. ఇప్పటికీ 11 అవుతుంటే తాళంచెవి ఎక్కడ పెట్టానా అని చెయ్యి తడుముకుంటుంది.

ఏడాదిలో పది నెలలు ఈ వేళలతో నాకు పేచీ లేదు. పొద్దున్నే పేపరు తిరగేసి పొలానికో కొట్టుకో పోయేవాళ్లకూ, బడి వదిలాక వచ్చే పిల్లలకూ సరిపోతాయి. చిక్కల్లా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకానే. అప్పుడు బడి ఉండదు, ఎండ ఉంటుంది. 11 దాటితే బయటికి రావొద్దు, 4 దాకా నీడపట్టున ఉండండి అని విపత్తుల నిర్వహణ వాళ్లు ఫోన్లకు మెసేజీలు పెడతారు. ఊళ్లో డబ్బులివ్వకుండా, ఏ కులమని అడిగించుకోకుండా ఎవరైనా పోయి కూర్చోగలిగిన నీడ ఒక్కటుంది. దానికి సరిగ్గా 11కి తాళం పడుతుంది, 4కి ఊడుతుంది. రెండు శాఖలూ కూడబలుక్కుని పెట్టుకున్నా ఇంత బాగా కుదరదు.

సెలవులున్నన్నాళ్లూ గ్రంథాలయాన్ని మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచాలన్నది నేను చెప్పదలుచుకున్న మాట.

మాది రెంటచింతల ఉన్న జిల్లా. వేసవిలో టీవీవాళ్లు మా వైపు గుర్తు చేసుకునేది ఆ ఊరి ఎండ అంకెల కోసమే. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు 2 వేల మంది చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఆ తర్వాత నుంచి వడగాడ్పుల ప్రణాళికలు, చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బాగానే పెరిగాయి. చలివేంద్రం దగ్గర గ్లాసుడు నీళ్లు తాగి మళ్లీ ఎండలోకే పోవాలి. కూర్చోవడానికి చోటు మాత్రం ఎవరి ప్రణాళికలోనూ కనపడలేదు నాకు.

మా ఊళ్లో మధ్యాహ్నం పూట పిల్లల సంగతి చెబుతాను. ఎండాకాలం మిరపకాయల పని. తల్లులు కోతలకు పోతారు, కోతలయ్యాక కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీయడానికి పోతారు. పొద్దున పోతే పొద్దుగూకే వేళకు వస్తారు. ఇల్లు రేకులది. 1 గంటకు ఆ రేకుల కింద కూర్చోవడం కంటే వీధిలో వేపచెట్టు కింద నయం. బడి ఉంటే మధ్యాహ్నం భోజనమైనా దొరుకుతుంది, సెలవుల్లో పొద్దున వండి మూత పెట్టిపోయిందే దిక్కు. పిల్లలకు మిగిలేవి రెండే. ఒకటి ఫోను. రెండోది నీళ్లు: కాలువ, చెరువు, క్వారీ గుంట. ఈతకు పోయి మునిగిపోయిన పిల్లల వార్త లేకుండా ఏ వేసవీ గడవదు. ఆ వార్తలున్న పేపర్లు ర్యాకులో సర్దింది నేనే. కుర్రాళ్లు నీళ్లలోకి దిగిన వేళ చదివితే మధ్యాహ్నం అనే ఉండేది చాలాసార్లు, మేం తాళం వేసుకుని ఇంటికి పోయిన వేళ.

గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు లేవా అంటారేమో. ఉన్నాయి, నేనూ నడిపాను. మంచి పని. కానీ అవీ పొద్దుటి పూటే. పైగా వాటిని మనం బడిగా మార్చేస్తున్నాం. ప్రారంభోత్సవానికి బ్యానరు, ముఖ్య అతిథి, బిస్కెట్ ప్యాకెట్లు, పిల్లల్ని వరసగా నిలబెట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఫొటో. ఆ తర్వాత స్పోకెన్ ఇంగ్లిష్, వేగంగా లెక్కలు చేసే చిట్కాలు, జనరల్ నాలెడ్జి. మూడో రోజుకు సగం మంది మాయం. పిల్లల్ని తప్పు పట్టను, ఆ చోట నేనున్నా పారిపోయేదాన్నే.

నిలబడిందేమిటో చెబుతాను. మా గ్రంథాలయానికి రోజూ వచ్చే ఒక పెన్షనరు ఉండేవారు. పేపర్లన్నీ అక్షరం పొల్లుపోకుండా చదివి, అచ్చుతప్పులు నాకు చూపించి, వాటికి నేనే కారణమన్నట్టు చూసేవారు. ఒక వేసవిలో కథ చెప్పడానికి రావలసిన మాస్టారు రాలేదు. పిల్లలు గోల. "బాబాయిగారూ, కాస్త పరమానందయ్య శిష్యుల కథ చదివి పెట్టండి" అన్నాను. "నాకేం వచ్చమ్మా" అంటూనే కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టారు. నాలుగు వాక్యాలయ్యాక పుస్తకం మూసేసి, శిష్యులందరి గొంతులూ తానే పలికారు. పిల్లలు నేల మీద దొర్లి నవ్వారు. మర్నాటి నుంచి ఆయన వచ్చే దాకా అరుగు మీద కాపలా. ఆయనకూ పేపరు మీద శ్రద్ధ తగ్గింది, నాకు అచ్చుతప్పుల బాధా తప్పింది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు కొందరికి తెలుగు కూడబలుక్కుంటే గానీ రాదు. చెవిన పడిన కథనే మళ్లీ పుస్తకంలో వెతుక్కుని చదవడం వాళ్లు అక్కడే మొదలుపెట్టారు. పాత చందమామ బైండ్లు అద్దాల బీరువాలోంచి తీసి చాప మీద పోశాను. కొన్ని చిరిగాయి. చిరగనీ. బీరువాలో ఉంటే చెదలు తినేవి. పుస్తకం పోతే ఎవరు కట్టాలన్న భయం మా ఉద్యోగంలో తీరని జబ్బు. దాన్ని పైవాళ్లే తీర్చాలి: పిల్లల చేతుల్లో నలిగి పోయిన పుస్తకాన్ని ఖర్చు కింద రాసుకోవాలి గానీ నేరం కింద కాదు.

వేసవిలో మాకు ఇంకొక రకం పాఠకులు వస్తారు. వాళ్ల గురించి ఎవరూ రాయరు. ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వస్తాయి. తప్పినవాళ్లకు మే నెలలో సప్లిమెంటరీ. ఇంట్లో ఉంటే వచ్చే పోయే చుట్టాలంతా మార్కులడుగుతారు. ఆ పిల్లలు మూలబల్ల దగ్గర, గోడవైపు తిరిగి కూర్చుంటారు. లైబ్రేరియన్ మార్కులు అడగదు కాబట్టి వస్తారు. 11కి "ఇంక లేవండి నాన్నా" అనడం నాకు ఉద్యోగంలోకెల్లా కష్టమైన పని. ఎక్కడికి లేవమంటున్నానో నాకు తెలుసు.

ఉద్యోగ పరీక్షలవాళ్లు సరేసరి. 2025 ఏప్రిల్‌లో 16,347 టీచరు పోస్టులకు డీఎస్సీ ప్రకటన వచ్చింది, పరీక్షలు జూన్‌లో మొదలు. చదువంతా నడి వేసవిలోనే. సొంత పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా తెచ్చుకుంటారు; మన దగ్గర వాళ్లకు కావలసింది బల్ల, ఫ్యాను, నిశ్శబ్దం. ఆడపిల్లలకు ఇంకొకటి కావాలి, మరుగుదొడ్డి. అది లేకనో, ఉన్నా తాళం వేసి ఉండబట్టో, పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా చదివే పిల్లల్ని నేను చూశాను. వడగాడ్పుల రోజుల్లో నీళ్లు తాగొద్దనుకుని కూర్చోవడం ఏమిటండీ! శిబిరానికి బ్యానరు కొట్టించే ముందు ఆ తలుపు బాగుచేయించండి. "లైబ్రరీకి పోతున్నా" అంటే ఊళ్లో ఏ తండ్రీ కూతుర్ని కాదనడు. మరో చోటి పేరు చెప్పి ఆ అనుమతి తెచ్చుకోవడం అంత తేలిక కాదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లను అడగండి. అక్కడ కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతూ వీళ్లను దింపిపోయేది చాలాసార్లు ఊరి లైబ్రరీ దగ్గరే. సెలవుల్లో పిల్లలు చదివిన పుస్తకాలు లెక్కరాసుకుంటే బహుమతులిస్తారు, చాలాచోట్ల పిల్లలకు ఉచితంగా మధ్యాహ్నం భోజనం పెడతారు. న్యూయార్క్‌లో ఎండలు ముదిరితే లైబ్రరీలనే చల్లబడే కేంద్రాలుగా ప్రకటిస్తారు. వాళ్లకు ఏసీలున్నాయి, నిజమే. మనకు మట్టి కుండ, తడిపిన వట్టివేళ్ల తడికె, అరుగు మీద తాటాకు పందిరి ఉన్నా చాలు మొదలుపెట్టడానికి. గోడలు మందంగా ఉన్న పాత భవనాలైతే అవి కూడా అక్కర్లేదు.

మనకు ఈ పని కొత్త కూడా కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు తొలిసారి బెజవాడలో సభ పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు పూనుకుంటే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. తేదీ ఏప్రిల్ 10. బెజవాడలో, ఏప్రిల్‌లో, ఫ్యాన్లు లేని కాలంలో! 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువ వెంట ఊరూరా తిప్పారు. రాత్రిబడులు నడిపిందీ గ్రంథాలయాలే, పగలంతా పొలాల్లో ఉండేవాళ్లకు రాత్రే తీరిక కనుక. జనం వేళ ఏదో చూసి దాని ప్రకారం వాళ్లు తలుపు తీశారు. మనం వేళ రాసిన బోర్డు తగిలించి, జనాన్ని దాని ప్రకారం రమ్మంటున్నాం.

డబ్బేదీ అంటారు. మీ ఇంటి పన్ను నోటీసు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది. రూపాయి పన్నుకు 8 పైసలు. 1960 నాటి చట్టం ప్రకారం మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు ఠంచనుగా జరుగుతుంది. జమ దగ్గరికి వచ్చేసరికి చాలా చోట్ల బకాయి. జనం పుస్తకాల పేరుతో కట్టిన డబ్బు వేరే పద్దులో కరిగిపోతుంటే, లైబ్రేరియన్ ఫ్యాను రిపేరుకు దాతల్ని వెతుక్కుంటూ తిరుగుతుంది. నేనూ తిరిగాను. ఎరువుల కొట్టు ఆయన ఒక ఫ్యాను ఇచ్చి, దాని రెక్క మీద కొట్టు పేరు రాయించుకున్నాడు. తిరిగేటప్పుడు ఎటూ కనపడదు కదా అని సరేనన్నాను.

సర్వీసులో ఉన్న తోటివాళ్లు ఇది చదివి నా మీద మండిపడతారని తెలుసు. వాళ్లు చెప్పేదాంట్లో న్యాయముంది. ఒకే మనిషికి రెండు గ్రంథాలయాల ఇన్‌ఛార్జి బాధ్యతలున్న చోట, పొద్దునా సాయంత్రం కాక మధ్యాహ్నం కూడా అంటే మనిషి ఏమైపోవాలి? వీధిలో పురుగు తిరగని ఎండవేళ ఆడమనిషి ఒంటరిగా తలుపు తీసుకుని కూర్చోవడం కూడా తేలిక కాదు. అందుకే ఉన్న మనిషి మీద ఇంకో ఐదు గంటలు మోపమనడం లేదు. మధ్యాహ్నానికి ఇంకొకరు కావాలి. డిగ్రీ చదివే పిల్లలకు అప్పుడు సెలవులే. ఇద్దరేసి చొప్పున, సెలవులైపోయేదాకా, బకాయిపడ్డ ఆ సెస్సులోంచే గౌరవ వేతనం ఇచ్చి కూర్చోబెట్టవచ్చు. బాధ్యత ఎవరిదన్నది జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి ఒక ఉత్తర్వులో రాసివ్వాలి, నోటిమాటగా చెప్పి తర్వాత మెమో ఇస్తే ఎవరూ ముందుకు రారు. అన్ని శాఖలూ ఒకేసారి అక్కర్లేదు. రేకుల ఇళ్లెక్కువున్న వాడల దగ్గరివి, సొంత భవనమున్నవి ముందు తెరవండి.

శుక్రవారం సెలవు మాత్రం అలాగే ఉంచండి. అదీ తీసేయమంటే లైబ్రేరియన్లు కాదు, వాళ్ల ఇంట్లోవాళ్లే నా గుమ్మం ముందుకు వస్తారు.