ఆవగింజంత కటకం

తడిచేత్తో చరవాణి అందుకున్నప్పుడు తెరపై రాలిన తుంపరను మనమందరం చిరాకుగా తుడిచేస్తుంటాం. తుడిచే ముందు ఒక్క క్షణం ఆగి చూడమని నా మనవి. బొట్టు ఉన్నచోట తెల్లని తెర తెల్లగా ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు బారులు తీరి కనిపిస్తాయి.

ఇందులో మాయ ఏమీ లేదు. గాజుపై నిలిచిన బొట్టుకు అడుగు చదును, పైభాగం ఉబ్బు. పాఠ్యపుస్తకంలోని సమతల కుంభాకార కటకం అచ్చంగా ఇదే. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33 కనుక, అర్ధగోళంలా నిలిచిన బొట్టు నాభ్యంతరం దాని వ్యాసార్ధానికి మూడు రెట్లు ఉంటుంది. అంటే బొట్టు ఎంత చిన్నదైతే అంత శక్తిమంతమైన భూతద్దమన్నమాట. ఆవగింజంత బొట్టు చూపినది చింతగింజంత బొట్టు చూపలేదు.

పసుపు రాసిన గడప ఛాయాచిత్రాన్ని తెరపై ఉంచి, దానిమీద బొట్టు వేసి చూడండి. పసుపు మాయమై, ప్రధానంగా ఎరుపు, ఆకుపచ్చ చుక్కలే వెలుగుతుంటాయి. ఆ పసుపు తెరలో లేదు; ఈ రెండు వెలుగులూ కలిసి అందినప్పుడు మన చూపులో పుట్టింది.

నా బాధల్లా ఒక్కటే. నేను చదివిన బడిలో కటకాలు బీరువాలో తాళం వెనుక ఉండేవి. కిరణచిత్రాలు గీసి మార్కులు తెచ్చుకున్నామే గాని, కటకాన్ని చేతపట్టినవాడు మాలో ఒక్కడూ లేడు. ఇప్పుడు తరగతి గదుల్లోకి తెరలు వచ్చాయి. వాటిమీద కటకం బొమ్మ చూపిస్తున్నారు. ఆ తెరమీదే ఒక బొట్టు వేసి చూడమనే ఓపిక మాత్రం అరుదు.

పరికరాలు లేవనడం సాకేనని నా అభిప్రాయం. ఇంగ్లండులోని కాంటర్బరీకి చెందిన స్టీఫెన్ గ్రే వృత్తిరీత్యా బట్టలకు రంగులద్దేవాడు. నీటిబొట్టునే కటకంగా వాడిన సూక్ష్మదర్శినిని ఆయన 1696లో రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. విద్యుత్తు దారం వెంట దూరానికి సాగుతుందని 1729లో చూపినవాడూ ఆయనే.

ఇంతకన్నా స్పష్టమైన బొమ్మలు అంతర్జాలంలో దొరుకుతాయి కదా అని మీరనవచ్చు. దొరుకుతాయి, కాదనను. కాని అవి ఎవరో చూసి మనకు చెప్పినవి. తన వేలికొనతో వేసిన బొట్టులో తెల్లదనం మూడు రంగులుగా విడిపోవడం చూసిన పిల్లవాడు, ఆ తరువాత కటకం నిర్వచనాన్ని బట్టీ పట్టవలసిన పని ఉండదు. ఇవాళే మీ ఇంటి పిల్లలకు చూపించండి. ఖర్చు ఒక్క నీటిబొట్టు.