నేరేడు సీసాపై ఏమి వ్రాయవలెను?

అల్లనేరేడు పండు తినిన పిల్లవాడు ఎంత బుకాయించినను నాలుక చూచిన వెంటనే దొరికిపోవును. ఆ ఊదారంగు నిచ్చు ఆంథోసయనిన్లును, నోటిని పట్టు వగరునకు మూలమైన టానిన్లును వైరసుల నణచగలవా యని శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు.

గత జ్యేష్ఠమాసమున నర్సంపేట ప్రాంతపు మహిళా సంఘ మొకటి నేరేడు షర్బతు కాచి సీసాలకు పట్టుచుండగా చూడబోయితిని. "సారూ, దీని మీద వైరస్‌ను చంపుతదని అచ్చేయిస్తం, మంచిగ అమ్ముడుపోతది" అనిరి. వద్దంటిని. కారణము మీరును వినుడు.

టానిన్లు లాలాజలములోని మాంసకృత్తులను పట్టుకొనును. నోటి జిగి పోయి నాలుక గరుకగును. వగరనగా ఇదియే. వైరస్ పైనను మాంసకృత్తులే యున్నవి. కోవిడ్ కాలమున జర్మనీలో అరోనియా యను నల్లని చిరుపండ్ల రసమును, మనమెరిగిన దానిమ్మ రసమును వైరస్‌తో 5 నిమిషములు కలిపియుంచగా దాని సోకుశక్తి చాలవరకు తగ్గినది. అయితే అది ప్రయోగశాలలోని మాట. నోటిలో రసము అంతసేపు నిలువదు. మింగినది కడుపులోనికి పోవునే గాని ఊపిరితిత్తులకు పోదు. పుక్కిలించినచో మేలుండునేమో, మనుష్యులపై పరీక్షించి తేల్చవలసినదే. పైగా షర్బతులోని చక్కెర దంతములకు చేటు.

2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము తప్పుదోవ పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. అంతకన్న నాకు భయము వేరు: దగ్గు, జ్వరము, ఆయాసముతో నున్న ముసలమ్మ ఆసుపత్రికి పోక ఈ సీసా నమ్ముకొని కూర్చుండును.

నేరేడునకు ఈ అబద్ధమెందుకు? మన చెరువుగట్ల మీది పండ్లు నేలరాలి మట్టిపాలగుచున్నవి. చెట్టు క్రింద దుప్పటి గాని వల గాని పరచి, రాలినవాని నానాడే ఏరి, ఆనాడే గుజ్జు తీయుడు; రెండు మూడు దినములకు మించి పండు నిలువదు. నేరేడు కొమ్మ పెళుసు, పిల్లల నెక్కింపకుడు. విత్తనపు మొక్క కాపునకు వచ్చుటకు 8 నుండి 10 ఏండ్లు పట్టును. కాచు చెట్టును వంటచెరకునకు నరకువారిని చూచిన నాకు కోపమే వచ్చును.

ఆ సంఘమువారు చివరకు పండు పేరు, చక్కెర పాలు, తయారైన తేది, లైసెన్సు సంఖ్య మాత్రమే అచ్చువేయుటకు ఒప్పుకొనిరి. ధర విషయమై నాతో ఇంకను వాదించుచునే యున్నారు.