డెబ్బై దాటితే కార్డు, మాత్రకు సొంత డబ్బు

2024 అక్టోబర్ 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ వర్తిస్తోంది. విశ్రాంత ఉన్నతాధికారికీ వ్యవసాయ కూలీకీ ఒకటే కొలమానం: పుట్టిన తేదీ. జాబితాలో పేరు లేని 65 ఏళ్ల కూలీ మాత్రం గడప అవతలే. ఉదారత అంటే ఇదేనట!

పైగా ఈ కార్డుకు విలువ ఆసుపత్రిలో చేరితేనే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు మాత్రలు నిండుకున్న నాడు వృద్ధుడు సొంత డబ్బుతో కొనుక్కోవాలి, లేదా మానుకోవాలి. మానుకుని పక్షవాతంతో మంచాన పడితే మాత్రం ఖజానా తలుపులు 5 లక్షల రూపాయల వరకు తెరుచుకుంటాయి. రూపాయలతో ఆగే జబ్బును లక్షల దాకా ముదరనిచ్చే ఈ పద్ధతిని పొదుపు మంత్రం జపించే ఏలికలు సంక్షేమమని పిలుస్తున్నారు.

దుబారాకు వృద్ధులను నిందించడం అన్యాయం. అప్పటికే మరణించినట్టు నమోదైన 3,446 మంది రోగుల చికిత్స పేరిట 6.97 కోట్ల రూపాయలు చెల్లించినట్టు 2023లో కాగ్ బయటపెట్టింది. ఆ సొమ్ము ఆసుపత్రుల ఖాతాల్లోకి పోయింది, ముసలివారి మాత్రల డబ్బాలోకి కాదు.