పందికొక్కుకు విందు పెడుతున్నది ఎవరు?

ఎస్.ఆర్. నగర్‌లో నివసించే విద్యార్థికి పందికొక్కును వర్ణించి చెప్పనక్కరలేదు. రాత్రి ప్రొద్దుపోయాక హాస్టళ్ల సందులలో నడిచిన ప్రతివారికీ అది ఎదురుపడే ఉంటుంది. పిల్లిని చూచి పారిపోదు సరికదా, పిల్లియే దానికి దారి విడిచి ప్రక్కకు తొలగుతుంది.

ఆంగ్లంలోని 'బాండికూట్' అనే మాట మన పందికొక్కు నుండి పుట్టినదే. మా ఉర్దూ మిత్రులు దీనిని 'ఘూస్' అంటారు. లంచానికీ వారికి అదే మాట. తెలుగువారు సైతం ప్రజాధనాన్ని మ్రింగేవానిని పందికొక్కు అనే తిడతారు. ఈ విషయంలో ఉభయ భాషలవారి అనుభవం ఒక్కటే కాబోలు!

పరిహాసం అటుంచి, దీనివలన కలిగే నష్టం స్వల్పమైనది కాదు. ప్రహరీ గోడల పునాదుల క్రింద, మురుగు కాలువల ప్రక్కన ఇది బొరియలు త్రవ్వి మట్టి కుప్పలు పోస్తుంది. వానకు ఆ నేల క్రుంగుతుంది. దాని మూత్రం కలిసిన వాననీటిలో గాయపడిన కాలితో నడిచినవారికి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకవచ్చును.

దీనికి మనవారెరిగిన చికిత్స ఒక్కటే: అంగడికి పోయి మందు తెచ్చి ఉండలు చేసి పెట్టడం. జింకు ఫాస్ఫైడు కొద్దిగా తిని బ్రతికి బయటపడిన కొక్కు మరల ఆ ఎర జోలికి రాదు. చచ్చినదానిని తిన్న పిల్లికీ, గుడ్లగూబకూ ప్రమాదం. ఇంటిలో పసిపిల్లలుంటే చెప్పనే అక్కరలేదు. పైగా ఈ జాతి ఒక్కొక్క ఈతలో ఆరేడు పిల్లలను పెడుతుంది. తిండి ఉన్నంతకాలం చచ్చినవాటి స్థానం ఖాళీగా ఉండదు.

ఆ తిండి పెడుతున్నది మనమే. మెస్సులలో మిగిలిన అన్నం, సాంబారు, టిఫిను బండ్ల ఎంగిలాకులు రాత్రివేళ కాలువ గట్టునే పోస్తున్నాము. ఉదయం చెత్తబండి వచ్చేసరికి విందు ముగిసిపోతుంది.

1911లో ప్లేగు చెలరేగిన ఈ నగరంలో, మరుసటి సంవత్సరమే ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఎలుకలను చంపడంతో తృప్తిపడలేదు. ఇరుకు బస్తీలను తొలగించి గాలీ వెలుతురూ గల ఇండ్లు కట్టించినది. ఆనాటివారికి తెలిసిన ఈ క్రమం మనకు తెలియకపోవడం వింతగానే ఉన్నది.

మా అభిప్రాయంలో ముందుగా జరుగవలసినది మెస్సుల ఎంగిలి మూతగల డబ్బాలలోనికి చేరడం. తరువాత కాలువ రంధ్రాలకు ఇనుప జాలీలు. ఆపైన సాయంకాలం బొరియలన్నిటినీ మట్టితో పూడ్చి, తెల్లవారి ఏవి తెరుచుకున్నవో చూడవలెను. కొక్కు ఉన్నది వాటిలోనే. మందు అవసరమైతే అక్కడనే, అదీ తెలిసినవారి చేతితో. ఖాళీ బొరియలను గాజు పెంకులు కలిపిన సిమెంటుతో మూయవచ్చును. ఈ పనులలో మొదటిదానికి ఖర్చు ఒక్క డబ్బా మాత్రమే. హాస్టలు యజమానులు మన నెలసరి బాడుగలో నుండి ఆపాటి వెచ్చించలేరా?