అరిగిన వేళ్ళు, డిజిటల్ గేట్లు

మొన్న శుక్రవారం బర్వా అల్ బరాహా వెళ్ళాను. తెలియనివాళ్ళ కోసం: దోహా ఇండస్ట్రియల్ ఏరియా దగ్గర, దాదాపు 50,000 మంది కార్మికులు ఉండేలా కట్టిన ఓ పెద్ద కాలనీ అది. మా జగిత్యాల వైపు మేస్త్రీ అన్న ఒకాయన అక్కడ ఉంటాడు. నెలకోసారి వెళ్తే ఆయన పప్పుచారుతో అన్నం పెడతాడు, నేను ఆయన ఫోను బాగుచేసి పెడతాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడికి ఊరివాళ్ళు ఇచ్చే ఉద్యోగం అదే కదా!

ఈసారి పని ఫోనుది కాదు. "తమ్మీ, బామ్మర్దికి వీసా అచ్చింది. హైదరాబాద్ల వేలిముద్రలు ఇయ్యాలెనట. నా లెక్క పడకపోతే ఎట్ల?" అని రెండు చేతులూ నా ముందు పెట్టాడు. ఇరవయ్యేళ్ళ సిమెంటు పని. వేళ్ళ చివర గీతలు పాత రూపాయి బిళ్ళలా అరిగిపోయున్నాయి. ఆ బామ్మర్ది కూడా పదేళ్ళుగా అదే పనిలో ఉన్నాడు.

తమాషా ఏంటంటే, ఆ వారమంతా నేను కూడా సరిహద్దు తనిఖీల గురించే చదువుతున్నాను. ఆఫీసు పని మీద జర్మనీ వెళ్ళాలి. యూరప్‌లో 2025 అక్టోబరు 12న కొత్త ఎంట్రీ/ఎగ్జిట్ పద్ధతి మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్ర వేసే బదులు ముఖం ఫొటో, వేలిముద్రలు కంప్యూటర్లోకి ఎక్కించుకుంటారు. 180 రోజుల్లో 90 రోజుల లెక్క ఇకనించి మిషనే చూసుకుంటుంది. మనలా వీసా మీద వెళ్ళేవాళ్ళ వేలిముద్రలు వీసా అప్పుడే తీసుకుంటారు కాబట్టి, గేటు దగ్గర కొత్తగా తీసేది ఫొటో ఒక్కటే. ఇంతోటి దానికి "ఎలా సిద్ధమవ్వాలి?" అంటూ ఇంటర్నెట్ నిండా వ్యాసాలే. నేను సిద్ధమవ్వడానికి అరగంట పట్టింది, అందులో కాఫీ కూడా ఉంది.

మేస్త్రీ అన్న బామ్మర్ది కోసం మాత్రం అలాంటి వ్యాసం ఒక్కటీ దొరకలేదు. నిజానికి డిజిటల్ సరిహద్దు అనేది ముందు దాటింది ఇలాంటి వాళ్ళే. మన దేశంలో కతార్ వీసా సెంటర్లు 2019లోనే వచ్చాయి, హైదరాబాద్‌లోనూ ఒకటుంది. వేలిముద్రలు, వైద్య పరీక్షలు, ఉద్యోగ ఒప్పందం మీద సంతకం, అన్నీ విమానం ఎక్కకముందే అక్కడే అయిపోతాయి. అంటే వీళ్ళకి కతార్ సరిహద్దు హైదరాబాద్‌లోనే మొదలవుతుంది. పది పాసవ్వనివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ కింద ఉంటుంది కాబట్టి, ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్సు అదనం.

ఇదంతా చెడ్డదని నేననను. ఊళ్ళో ఒక జీతం చెప్పి, ఇక్కడ దిగాక ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకున్న కథలు ఆ కాలనీలో గదికొకటి దొరుకుతాయి. బయలుదేరకముందే ఒప్పందం కళ్ళతో చూసి సంతకం పెట్టడం నిజంగా మేలే. నా అభ్యంతరం వేరే చోట. ఈ వ్యవస్థ ప్రతి మనిషికీ ఒక ఈమెయిలు, సొంత ఫోన్ నంబరు, ఇంగ్లీషు, చెరగని వేలిముద్రలు ఉంటాయని అనుకుంటుంది. అవి లేనివాడికి ఏజెంటు ఉంటాడు. ఆ బామ్మర్ది ఈమెయిలు చేసింది ఏజెంటే. పాస్‌వర్డు కూడా ఆయన దగ్గరే. అపాయింట్‌మెంటు కాగితం కావాలంటే మళ్ళీ డబ్బులు! దళారీని తీసేయడానికి తెచ్చిన కంప్యూటరు దళారీ చేతికే తాళంచెవి ఇచ్చింది.

ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి కాబట్టి సిగ్గుపడుతూ చెప్తున్నాను, ఇది మా తప్పే. "వేలిముద్ర పడకపోతే ఏం చేయాలి?" అన్నది మేం చివర్లో, టైముంటే ఆలోచిస్తాం. ఆధార్‌లో పది వేళ్ళతో పాటు రెండు కళ్ళూ తీసుకున్నారు. ఒకటి కాకపోతే ఇంకోటి ఉంటుంది. ప్రతి గేటు దగ్గరా అలాంటి రెండో దారి, దాని పక్కన తన భాషలో మాట్లాడే మనిషి ఉండడం దయ కాదు, డిజైన్‌లో భాగం.

అది వచ్చేదాకా, మీ ఇంటి నుంచో ఊరి నుంచో ఎవరైనా బయలుదేరుతుంటే ఇవి చూడండి. ఈమెయిలు, పాస్‌వర్డు, ఫోన్ నంబరు వాళ్ళవే అయ్యుండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ముందే సరిచేయించండి. ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళని 2022 నవంబరులో యూఏఈ రానివ్వమంది, గుర్తుందా? ఒప్పందం ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి. ప్రవాసీ భారతీయ బీమా ఉందో లేదో చూడండి, రెండేళ్ళకి 275 రూపాయలే, ప్రమాదంలో పోతే 10 లక్షలు. వేలిముద్రల రోజుకి రెండు వారాల ముందు నుంచి సిమెంటు ముట్టకుండా, రాత్రిళ్ళు వేళ్ళకి కొబ్బరినూనె రాయమనండి. గోరింటాకు వద్దు.

ఆ రాత్రి ఆ గదిలో ఆరుగురికి ఈమెయిళ్ళు చేసి, పాస్‌వర్డులు వాళ్ళతోనే టైపు చేయించి, పదకొండింటికి బయటపడ్డాను. గేటు దాకా వచ్చిన మేస్త్రీ అన్న తన వేళ్ళు చూసుకుంటూ అన్నాడు: "పనోడు గావాలంటరు. పనిచేసి పనిచేసి వేళ్ళరిగినోడొస్తే, నువ్వెవడివని అడుగుతరు. ఇదేం లెక్కరా తమ్మీ?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?